లోకల్-ఫస్ట్ పీటూపీ యాప్‌ని కోడ్ రాయకముందే పగలగొట్టి చూడటం ఎలా: ఫార్మల్ మెథడ్స్ సమగ్ర మార్గదర్శి

డిలీట్ చేసిన నోట్ ఒకటి మూడు వారాల తర్వాత మళ్ళీ ప్రత్యక్షమైంది. నేను రాసిన నోట్స్ యాప్‌లోనే, టెస్టులన్నీ పచ్చగా పాసవుతున్న యాప్‌లోనే. సంగతేంటంటే ఒక టాబ్లెట్ ఆ మూడు వారాలూ సొరుగులో పడి ఉంది, దానికి డిలీట్ సంగతి తెలీదు, ఛార్జింగ్ పెట్టి ఆన్ చేయగానే "అరె, మీ దగ్గర లేని నోట్ నా దగ్గర ఉందే" అని అందరికీ పంచిపెట్టింది, మిగతా రెండు డివైజ్‌లు కూడా మారుమాట్లాడకుండా తీసేసుకున్నాయి. ఫిక్స్ చేయడానికి ఒక పూట పట్టింది. కానీ ఆ బగ్ అక్కడ ఉందని ముందే తెలుసుకోవడానికి ఒక కాగితం, ఒక మోడల్ చెకర్ (డిజైన్‌లో జరగగల వరసలన్నీ తనే వెతికి చూసే ప్రోగ్రామ్), ఓ గంట టైమ్ సరిపోయేదని తర్వాత తెలిసి సిగ్గేసింది.

లోకల్-ఫస్ట్ అంటే తెలిసిందే కదా, డేటా అసలు కాపీ మన డివైజ్‌లోనే ఉంటుంది, నెట్ ఉన్నా లేకపోయినా పని ఆగదు, సర్వర్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. ఇంక్ అండ్ స్విచ్ అనే రీసెర్చ్ ల్యాబ్ 2019లో దీని మీద వ్యాసం రాశాక ఈ పేరు బాగా నలిగింది. దానికి పీటూపీ కూడా కలిస్తే, అంటే డివైజ్‌లు మధ్యవర్తి లేకుండా నేరుగా మాట్లాడుకుంటే, "ఇదే ఫైనల్" అని చెప్పే పెద్దమనిషి ఎవరూ ఉండరు. ప్రతి డివైజ్ తనకి తెలిసినంతలో తనే నిర్ణయం తీసుకోవాలి. ఇలాంటి చోట రాబోయే వరసలన్నీ బుర్రలో ఊహించుకోవడం మనిషి వల్ల కాదు. మెషీన్‌తో ఊహింపజేయడమే ఫార్మల్ మెథడ్స్. గ్రీకు అక్షరాలు, పీహెచ్‌డీ అని భయపడకండి, సెట్లూ ఫంక్షన్లూ తెలిస్తే మొదలుపెట్టొచ్చు.

ఇంకోటి ముందే చెప్పేస్తా. చాలామంది ఇక్కడికి "అన్ని డివైజ్‌లలో ఒకటే డేటా కనపడాలి" అనే ఒక్క కోరికతో వస్తారు. అది ఈ ఆటలో సులువైన భాగం. అందరూ కలిసి ఒకే తప్పు మీద కూడా ఒప్పందానికి రావచ్చు, పైన టాబ్లెట్ కథలో జరిగింది అదే, చివరికి మూడు డివైజ్‌లలోనూ ఒకటే డేటా, చచ్చిన నోట్‌తో సహా.

మెట్టు 1: లోకం ఎంత చెడ్డదో రాసుకోండి

కోడ్ ఎడిటర్ మూసేయండి. ఒక కాగితం మీద నెట్‌వర్క్, డివైజ్‌లు మనకి చేయగల ద్రోహాలన్నీ రాయండి. మెసేజ్ పోవచ్చు, రెండుసార్లు రావచ్చు, ముందు పంపింది తర్వాత రావచ్చు, నెల ఆలస్యంగా రావచ్చు. డివైజ్ ఎప్పుడైనా నిద్రపోవచ్చు. గడియారం తప్పు ఉండొచ్చు, కొద్దిగా కాదు, ఏడాది ముందుకి ఉండొచ్చు. ఇవి అందరూ రాస్తారు.

ఎవరూ రాయనిది ఒకటుంది: డివైజ్‌ని పాత బ్యాకప్ నుంచి రీస్టోర్ చేయడం. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే పీటూపీలో దీని దెబ్బ తిన్నాక గానీ తెలీదు. ప్రతి మార్పుకీ డివైజ్ పేరు, ఒక వరస నంబరు కలిపి ఐడీ ఇస్తున్నాం అనుకోండి, చాలా డిజైన్లలో ఇంతే. ఫోన్ తన 5వ మార్పు చేసింది, నోట్‌లో "మీటింగ్ 3 గంటలకి" అని రాసింది, లాప్‌టాప్‌కి సింక్ అయింది. తర్వాత ఫోన్ పాడై నిన్నటి బ్యాకప్ వేశారు, అందులో నంబరు 4 దగ్గరే ఉంది. ఇప్పుడు ఫోన్‌లో ఇంకేదో రాస్తే దానికి కూడా "ఫోన్, 5" అనే ఐడీయే పడుతుంది. లాప్‌టాప్ దాన్ని చూసి "ఇది నా దగ్గర ఉందిగా" అని పక్కన పడేస్తుంది. మీరు "ఎవరి దగ్గర ఎంతవరకు ఉంది" అని నంబర్లు పోల్చుకునే వెర్షన్ వెక్టర్ వాడుతుంటే ఇంకా దారుణం, లాప్‌టాప్ "ఫోన్ నుంచి 5 వరకు వచ్చాయి" అంటుంది, ఫోన్ అసలు పంపనే పంపదు. రెండూ సింక్ అయ్యామనే అనుకుంటాయి, రెండిట్లోనూ వేరువేరు డేటా, ఎర్రర్ ఎక్కడా ఉండదు. మందు ఏంటంటే రీస్టోర్ అయిన ప్రతిసారీ కొత్త డివైజ్ ఐడీ తీసుకోవడం, లేదా ఐడీని మార్పు కంటెంట్ హాష్ (కంటెంట్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి నంబరు) నుంచే తయారుచేయడం. కానీ మందు కంటే ముఖ్యం, ఈ రోగం మీ కాగితం మీద ఉండాలి, లేకపోతే మోడల్ చెకర్ కూడా వెతకదు. మీరు చెప్పిన లోకంలోనే అది వెతుకుతుంది.

ఎదుటి డివైజ్ అబద్ధాలు చెప్పొచ్చా లేదా అనేది కూడా ఇక్కడే తేల్చుకోండి. సొంత డివైజ్‌ల మధ్య సింక్ ఐతే వద్దులే అనుకోవచ్చు, ముక్కూమొహం తెలియని వాళ్ళతో ఐతే కుదరదు. దీని సంగతి మెట్టు 8లో.

మెట్టు 2: ఏం కావాలో మామూలు వాక్యాల్లో రాయండి

ఇక్కడ తొందరపడితే మొదటికే మోసం. సీఆర్‌డీటీ లైబ్రరీ, అంటే వేరువేరు కాపీల్లోని మార్పులని గొడవ లేకుండా కలిపే డేటా స్ట్రక్చర్ల లైబ్రరీ, ఏది వాడాలి అనేది ఈ మెట్టు దాటాక. నా నోట్స్ యాప్‌కి తర్వాత నేను రాసుకున్న వాక్యాలు ఇవి:

ఒకే మార్పులు తెలిసిన రెండు డివైజ్‌లు ఒకేలా చూపించాలి. డిలీట్ చేసింది, దాన్ని ఎవరూ మళ్ళీ ముట్టుకోకుండా, తిరిగి రాకూడదు. ఒకరి మార్పు చూసి దాని మీద ఇంకొకరు మార్చితే రెండోదే నిలవాలి. ప్రతి నోట్ సరిగ్గా ఒక ఫోల్డర్‌లో ఉండాలి, ఏ ఫోల్డరూ తన కడుపులోకి తనే వెళ్ళకూడదు. యూజర్ టైప్ చేసిన అక్షరం చెప్పాపెట్టకుండా మాయం కాకూడదు. డివైజ్‌లు ఎప్పటికైనా మాట్లాడుకుంటూ ఉంటే ప్రతి మార్పూ ఎప్పటికైనా అందరికీ చేరాలి.

మొదటిదాన్ని స్ట్రాంగ్ ఈవెంచువల్ కన్సిస్టెన్సీ అంటారు, మార్క్ షాపిరో బృందం 2011లో సీఆర్‌డీటీ పేపర్‌లో పెట్టిన పేరు. చివరిది లైవ్‌నెస్, "మంచి ఎప్పటికైనా జరగాలి" టైపు. మిగతావి ఎక్కువగా సేఫ్టీ, "చెడు ఎప్పుడూ జరగకూడదు" టైపు. ఈ తేడా గుర్తుంచుకోండి, టూల్స్‌లో రెండింటినీ వేరుగా రాయాలి, లైవ్‌నెస్ చెక్ చేయడం టైమ్ కూడా ఎక్కువ తింటుంది.

రాస్తుంటేనే ప్రశ్నలు వస్తాయి చూడండి. ఒకరు నోట్ డిలీట్ చేశారు, అదే టైమ్‌లో ఇంకొకరు ఆఫ్‌లైన్‌లో అందులో రెండు పేజీలు రాశారు. ఏది నిలవాలి? ఈ జవాబు గణితంలో లేదు, ఏ టూలూ చెప్పదు, మీరే చెప్పాలి. నేనైతే రాత వైపే ఉంటా, డిలీట్ మళ్ళీ ఒక నొక్కుతో అయిపోతుంది, రెండు పేజీలు మళ్ళీ రాయమంటే ఎవరు రాస్తారు.

మెట్టు 3: టూల్ ఎంచుకోండి, ఎక్కువ ఆలోచించకండి

లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన టీఎల్ఏ ప్లస్ అనే మోడల్ రాసే భాష, దాంతోపాటు వచ్చే టీఎల్‌సీ చెకర్ ఈ పనికి అందరూ ముందు చెప్పే పేరు. డేనియల్ జాక్సన్ ఎంఐటీలో మొదలుపెట్టిన అలాయ్ ఇంకోటి, ఆకారాల గురించి, అంటే చెట్లు, లింకులు, ఎవరు ఎవరికి పేరెంట్ లాంటివి ఐతే ఇది చాలా హాయిగా ఉంటుంది, బొమ్మలు గీసి చూపిస్తుంది కూడా. టీఎల్ఏ ప్లస్ గణిత రాత నచ్చని ప్రోగ్రామర్లకి క్వింట్ ఉంది, అదే లాజిక్, రాత మాత్రం మామూలు ప్రోగ్రామింగ్ భాషలా ఉంటుంది. ఇసబెల్, లీన్ లాంటివి పూర్తి ప్రూఫ్ రాసే టూల్స్, వాటిని ఇప్పుడే తెరవకండి.

పనిచేస్తుందా అంటే రెండు కథలు చెప్తా. కార్డ్ అనే పీటూపీ ప్రోటోకాల్ 2001లో వచ్చింది, డివైజ్‌లు ఒక రింగ్‌లా నిలబడి డేటా ఎవరి దగ్గరుందో వెతుక్కుంటాయి, సరైనదని ప్రూవ్ చేయొచ్చు అనేది దాని గొప్పల్లో ఒకటి. 2012లో పమేలా జేవ్ అలాయ్‌లో చిన్న మోడల్ రాసి, అప్పటిదాకా అచ్చైన ఏ వెర్షనూ సరైనది కాదని చూపించారు. పదకొండేళ్ళు, ఎంతమంది చదివి ఉంటారు దాన్ని! రెండోది, అమెజాన్ ఇంజనీర్లు తమ డేటాబేస్ డైనమోడీబీకి టీఎల్ఏ ప్లస్ వాడితే దొరికిన ఒక బగ్‌కి అతి చిన్న దారి 35 అడుగులు, వాళ్ళే 2015లో రాశారు. ముప్పై ఐదు అడుగులు వరసగా తప్పాలని కోడ్ రివ్యూలో ఎవరు ఊహిస్తారు.

మెట్టు 4: మొదటి మోడల్, ఒక పేజీ దాటకూడదు

కొత్తవాళ్ళు చేసే తప్పు ఏంటంటే సాకెట్లు, బైట్లు, రీట్రైలు అన్నీ మోడల్‌లో పెట్టడం. వద్దు. నోట్‌లో టెక్స్ట్ ఏముందో కూడా వద్దు. డివైజ్‌లు మూడు, నోట్లు రెండు, అంతే. నెట్‌వర్క్‌కి ఒక చిట్కా: దాన్ని మోడల్ చేయకండి. ఒక డివైజ్ ఇంకో డివైజ్ దగ్గరున్న మార్పుల్లో ఏదో ఒక భాగాన్ని ఎప్పుడైనా తీసుకోవచ్చు అని ఒక్క ముక్క రాస్తే, మెసేజ్ పోవడం, రెండుసార్లు రావడం, వరస మారడం, ఆలస్యం అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఏ టూల్ సింటాక్సూ కాకుండా తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

స్టేట్:
తెలిసినవి[డ] = డ అనే డివైజ్‌కి తెలిసిన మార్పుల సెట్, మొదట ఖాళీ
నంబరు[డ] = మొదట 0

అడుగు "మార్చు" (డ, నోట్, పని):
నంబరు[డ] ఒకటి పెరుగుతుంది
(డ, నంబరు[డ], నోట్, పని) అనే మార్పు తెలిసినవి[డ]లో చేరుతుంది

అడుగు "సింక్" (డ1, డ2):
తెలిసినవి[డ2]లో ఏదో ఒక భాగం తెలిసినవి[డ1]లో కలుస్తుంది

చూపు(మార్పులు) = స్క్రీన్ మీద కనపడే నోట్ల సెట్

చెక్: తెలిసినవి[డ1] = తెలిసినవి[డ2] ఐతే చూపు కూడా రెండుచోట్లా ఒకటే

ఇప్పుడు ఒక తమాషా గమనించండి. "చూపు" అనేది తెలిసిన మార్పుల సెట్ మీద మాత్రమే ఆధారపడే ఫంక్షన్‌గా రాశాం, ఏ వరసలో వచ్చాయి, ఇప్పుడు టైమ్ ఎంత అనేవి అందులో లేవు. కాబట్టి కింద రాసిన చెక్ ఎప్పుడూ నిజమే, చెకర్ రన్ చేయక్కర్లేదు కూడా. కన్వర్జెన్స్, అంటే అందరి దగ్గరా చివరికి ఒకటే కనపడటం, ఊరికే వచ్చేసింది, డిజైన్‌లోనే. సులువైన భాగం అన్నది ఇందుకే. దీన్ని మించి గొప్ప డిజైన్ సలహా నా దగ్గర లేదు: మార్పుల లాగ్ ఉంచుకోండి, స్క్రీన్‌ని లాగ్ నుంచి లెక్కగట్టండి. పెర్ఫార్మెన్స్ కోసం తర్వాత ఎన్ని షార్ట్‌కట్లు వేసినా, ఫలితం ఈ లెక్కతో సమానంగా రావాలి, అదే మీ కొలబద్ద.

ఇక బుర్ర పెట్టాల్సింది "చూపు" లోపల.

మెట్టు 5: కౌంటర్ ఎగ్జాంపుల్ చదవడం నేర్చుకోండి

నా పాత యాప్‌ని ఇలాగే మోడల్‌లో రాశాను, లాగ్ లేదు, ఒక్కో డివైజ్ దగ్గర నోట్ల సెట్ ఉంటుంది, సింక్ అంటే రెండు సెట్లు కలపడం. "డిలీట్ చేసింది తిరిగి రాకూడదు" అని చెక్ పెట్టి రన్ కొడితే చెకర్ ఇచ్చిన కౌంటర్ ఎగ్జాంపుల్, అంటే ఆ చెక్ తప్పే దారి, నాలుగే అడుగులు. ఒకటి, ఫోన్ నోట్ 1 చేర్చింది. రెండు, టాబ్లెట్ ఫోన్‌తో సింక్ అయ్యింది. మూడు, ఫోన్ నోట్ 1 తీసేసింది. నాలుగు, ఫోన్ టాబ్లెట్‌తో సింక్ అయ్యింది, ఫోన్‌లో నోట్ 1 మళ్ళీ ఉంది. మూడు వారాలు అక్కర్లేదు, సొరుగూ అక్కర్లేదు. మోడల్‌కి టైమ్ లేదు కాబట్టి మూడు వారాలైనా మూడు సెకన్లైనా ఒకటే.

సరే, డిలీట్ అయినవాటి లిస్టు కూడా ఉంచుదాం, దాన్నే టూంబ్‌స్టోన్ అంటారు. మళ్ళీ రన్. ఈసారి పాస్. ఇల్లు అలకగానే పండగ కాదు కదా, "అన్‌డూ నొక్కితే నోట్ తిరిగి రావాలి" అని ఇంకో చెక్ పెట్టాను, ఫెయిల్, ఎందుకంటే ఒకసారి సమాధిలోకి వెళ్ళిన ఐడీ ఇక ఎప్పటికీ లేవదు. అప్పుడు ఓఆర్-సెట్ దగ్గరికి వస్తాం. ప్రతిసారి చేర్చినప్పుడు కొత్త ట్యాగ్ పడుతుంది, డిలీట్ అంటే "నాకు కనపడిన ట్యాగ్‌లని మాత్రమే చంపు" అని. ఆ టైమ్‌లో ఇంకెవరో వేసిన ట్యాగ్ డిలీట్ చేసినవాడికి కనపడలేదు కాబట్టి బతుకుతుంది. నోట్‌ని ఎడిట్ చేసినప్పుడు కూడా కొత్త ట్యాగ్ వేస్తే మెట్టు 2లో నేను అనుకున్న "రాత గెలవాలి" కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే, కానీ ఇలా చెకర్ చేత తిట్లు తిని అక్కడికి చేరితే ఎందుకు అలా ఉందో ఒంటికి పడుతుంది.

ఇంకో చెక్: "చూసి మార్చినదే నిలవాలి". చివర రాసినవాడిదే గెలుపు అని గడియారం టైమ్‌తో తేల్చే డిజైన్‌లో ఇది వెంటనే పగులుతుంది. ఒక డివైజ్ గడియారం ఏడాది ముందుకుంటే అది రాసిందే ఏడాదిపాటు గెలుస్తుంది, మీరు దాన్ని చూసి సరిచేసినా మీ సవరణ మాయం. లాంపోర్ట్ 1978లోనే చెప్పిన లాజికల్ క్లాక్ వాడితే పోతుంది, అంటే ఇప్పటిదాకా చూసిన నంబర్లన్నిటికంటే ఒకటి ఎక్కువ వేసుకోవడం, ఒకటే నంబరు వస్తే డివైజ్ ఐడీతో తేల్చడం. గోడ గడియారాన్ని స్క్రీన్ మీద చూపించడానికి వాడండి, గెలుపోటములకి వద్దు.

కౌంటర్ ఎగ్జాంపుల్ వచ్చిన ప్రతిసారీ కోడ్ తప్పో మోడల్ తప్పో అని కాకుండా ముందు ఇంకోటి అడగండి: నేను రాసిన కోరికే తప్పేమో? సగంసార్లు నా వాక్యమే అర్థం లేకుండా ఉండేది.

మెట్టు 6: ఫోల్డర్ల గోల

దీనికి వేరే మెట్టు ఎందుకంటే, ఒక్కో ఆపరేషన్ విడిగా చూస్తే కరెక్టే, కలిస్తే నాశనం అనేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఫోన్‌లో "పని" ఫోల్డర్‌ని "ఇల్లు" ఫోల్డర్‌లోకి లాగారు. అదే టైమ్‌లో ఆఫ్‌లైన్‌లో ఉన్న లాప్‌టాప్‌లో "ఇల్లు"ని "పని"లోకి లాగారు. రెండుచోట్లా ఆ క్షణానికి తప్పేం లేదు. సింక్ అయ్యాక పని ఇల్లులో, ఇల్లు పనిలో, రెండూ కలిసి రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) నుంచి తెగిపోయి గాల్లో తిరుగుతుంటాయి, స్క్రీన్ మీద రెండూ కనపడవు, లోపలున్న నోట్లన్నీ గోవిందా. అందరి దగ్గరా ఒకేలా, పక్కా కన్వర్జెన్స్!

"మరి సింక్ టైమ్‌లో రెండేసి మూవ్‌లని పోల్చి, ఒకదానికొకటి ఎదురైతే ఒకటి ఆపేద్దాం" అనిపిస్తుంది. రెండు ఫోల్డర్లతో మోడల్ రన్ చేస్తే పాసవుతుంది కూడా. మూడు పెట్టండి. క ని ఖ లోకి, ఖ ని గ లోకి, గ ని క లోకి, మూడూ ఒకరికొకరు తెలీకుండా. ఏ రెండు మూవ్‌లని తీసుకున్నా గొడవ లేదు, మూడూ కలిస్తే చక్రం. అందుకే మోడల్ సైజు రెండు దగ్గర ఆపొద్దు. చాలా బగ్‌లు చిన్న సైజుల్లోనే బయటపడతాయని జాక్సన్ గట్టిగా చెప్తారు, నిజమే, కానీ చిన్న అంటే మరీ రెండు కాదు.

సరైన దారి మార్టిన్ క్లెప్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2021లో రాసింది, ఆలోచన సింపుల్. మూవ్‌లన్నిటికీ లాజికల్ టైమ్‌స్టాంప్‌తో ఒకటే వరస ఉంటుంది. పాత టైమ్‌స్టాంప్‌తో మూవ్ ఆలస్యంగా వస్తే, దాని తర్వాతి మూవ్‌లన్నిటినీ వెనక్కి తీసి, దీన్ని పెట్టి, మళ్ళీ వాటిని వరసగా వేయాలి. వేసేటప్పుడు ఏ మూవ్ వల్ల చక్రం పడుతుందో దాన్ని పట్టించుకోకుండా వదిలేయాలి. వదిలేసినా లాగ్‌లో ఉంచాలి, ఎందుకంటే ఇంకో పాత మూవ్ వచ్చి పడితే వరస మారి అది చెల్లుబాటు కావచ్చు. వినడానికి ఇంతే, కానీ ఇది ఎప్పుడూ చెట్టుగానే ఉంటుందని వాళ్ళు ఇసబెల్‌లో ప్రూవ్ చేశారు. మీరు మోడల్‌లో పెట్టాల్సిన ఇన్వేరియంట్, అంటే ఎప్పుడూ నిజంగా ఉండాల్సిన నియమం, ఒక్కటే: ప్రతి ఫోల్డర్ నుంచి పేరెంట్ పట్టుకుని పైకి వెళ్తే రూట్ రావాలి.

మెట్టు 7: పాస్ అయ్యిందంటే నమ్మకండి

చెకర్ "ఎర్రర్ లేదు" అన్నప్పుడు రెండు అర్థాలు. డిజైన్ కరెక్ట్, లేదా మోడల్‌లో అసలు ఏమీ జరగట్లేదు. ఒకసారి నా మోడల్‌లో సింక్ అడుగుకి పెట్టిన కండిషన్ ఎప్పుడూ నిజం కాదు, డివైజ్‌లు ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అన్ని చెక్‌లూ పాస్, నేను రెండు రోజులు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

అందుకని కావాలనే అబద్ధం చెక్ పెట్టండి, "రెండు డివైజ్‌లు ఎప్పుడూ ఒకే నోట్‌ని ఒకే టైమ్‌లో మార్చవు" అని. ఇది ఫెయిల్ అవ్వాలి. అవ్వకపోతే మోడల్ ఆ మూలకి వెళ్ళనే లేదు. తర్వాత డిజైన్‌లో ఒక లైన్ చెడగొట్టండి, టూంబ్‌స్టోన్ రాయడం తీసేయండి, టైమ్‌స్టాంప్ పోలిక తిరగేయండి, చెకర్ అరవాలి. అరవకపోతే ఆ లైన్‌ని కాపాడే చెక్ మీ దగ్గర లేనట్టే.

సైజు సంగతి కూడా చూసుకోవాలి. మూడు డివైజ్‌లు, మొత్తం 6 మార్పులు ఐతే ఒక్కో డివైజ్‌కి ఏవి తెలుసు అనేదానికి 64 అవకాశాలు, మూడిటికీ కలిపి పై హద్దు 2,62,144. చిటికెలో అయిపోతుంది. మార్పులు 10 చేస్తే అదే హద్దు 107 కోట్లు దాటుతుంది, మధ్యాహ్నం పెట్టి రాత్రి చూసుకోవాలి. డివైజ్‌లు ఒకదానికొకటి మార్చుకున్నా తేడా లేదని చెకర్‌కి చెప్పే సిమ్మెట్రీ ఆప్షన్ వాడితే తగ్గుతుంది, కానీ పైన చెప్పిన డివైజ్ ఐడీతో టై తేల్చే పద్ధతి ఉంటే డివైజ్‌లు ఒకటే కాదు, అప్పుడు సిమ్మెట్రీ పెట్టకూడదు. లైవ్‌నెస్ చెక్ చేసేటప్పుడు కూడా సిమ్మెట్రీ తీసేయండి, లేకపోతే తప్పు జవాబు రావచ్చు. లైవ్‌నెస్‌కి "సింక్ చేయగలిగితే ఎప్పటికైనా చేస్తుంది" అనే ఫెయిర్‌నెస్ కూడా రాయాలి, మర్చిపోతే చెకర్ "డివైజ్‌లు ఎప్పటికీ మాట్లాడుకోకపోతే?" అని వెక్కిరిస్తుంది.

మెట్టు 8: అబద్ధాలాడే డివైజ్‌లు, తీసేసిన మనుషులు

తెలియని వాళ్ళతో సింక్ ఐతే మోడల్‌లో ఇంకో అడుగు చేర్చండి: చెడ్డ డివైజ్ ఒకే నంబరుతో ఇద్దరికి రెండు వేరు మార్పులు పంపొచ్చు. మెట్టు 1లో బ్యాకప్ చేసిన పనే ఇది, కాకపోతే కావాలని. ప్రతి మార్పులో దానికి ముందున్న మార్పుల హాష్‌లు పెట్టి, సంతకం చేసి, ఐడీగా హాష్‌నే వాడితే రెండు రోగాలకీ ఒకటే మందు, గిట్ చరిత్ర ఉన్నట్టే ఉంటుంది. ముందువి రాకుండా వచ్చిన మార్పుని పక్కన ఆపి ఉంచడం కూడా దీంతో కుదురుతుంది.

దీనికంటే ముల్లు పర్మిషన్లు. అడ్మిన్ ఒకరిని గ్రూప్ నుంచి తీసేశారు, ఆ మనిషి అదే టైమ్‌లో ఆఫ్‌లైన్‌లో రాశాడు. అది తీసేయకముందు రాసిందా, తీసేసిన సంగతి తెలిసీ తెలీనట్టు నటించి రాసిందా? పీటూపీలో ఈ రెండిటినీ వేరుచేయడం కుదరదు, ఎవరూ టైమ్ సాక్ష్యం చెప్పరు. ఇద్దరు అడ్మిన్లు ఒకరినొకరు ఒకే టైమ్‌లో తీసేసుకుంటే? దీనికి ఏ జవాబు ఎంచుకున్నా ముందు మోడల్‌లో పెట్టి చూడండి, తర్వాత డాక్యుమెంట్‌లో రాయండి.

మెట్టు 9: మోడల్ నుంచి కోడ్‌కి

మోడల్ కరెక్ట్ ఐనా కోడ్ వేరే రాస్తే ఏం లాభం. మెర్జ్ లాజిక్ అంతా ఒక ప్యూర్ ఫంక్షన్‌గా ఉంచండి, అందులో నెట్‌వర్క్ కాల్, గడియారం, ర్యాండమ్ నంబరు ఉండకూడదు, అవి బయట నుంచి ఇవ్వాలి. అప్పుడు మీ కంప్యూటర్ మీదే యాభై నకిలీ డివైజ్‌లని ఒక సీడ్ నంబరుతో ఆడించొచ్చు, ఫెయిల్ ఐతే అదే సీడ్‌తో అదే గొడవ మళ్ళీ మళ్ళీ వస్తుంది, డీబగ్ చేయడం సుఖం.

ప్రాపర్టీ టెస్టింగ్ (ర్యాండమ్ ఇన్‌పుట్‌లతో నియమాలు తప్పుతాయేమో చూసే) లైబ్రరీ మీ భాషలో ఉంటుంది, పైథాన్‌కి హైపోథిసిస్, జావాస్క్రిప్ట్‌కి ఫాస్ట్-చెక్, రస్ట్‌కి ప్రాప్‌టెస్ట్. మెర్జ్‌కి మూడు నియమాలు చెక్ చేయించండి: అటుఇటు మార్చి కలిపినా ఒకటే, ఏ రెండిటిని ముందు కలిపినా ఒకటే, ఒకదాన్ని రెండుసార్లు కలిపినా ఒకటే. తర్వాత మెట్టు 2 వాక్యాలు. వీటికంటే నాకు ఎక్కువ బగ్‌లు పట్టించింది మాత్రం వేరే: మెట్టు 4లోని నిదానమైన "లాగ్ అంతా మొదట్నుంచి లెక్కగట్టు" ఫంక్షన్‌ని ఇరవై లైన్లలో కోడ్‌లో కూడా రాసి, అసలైన వేగం కోడ్ ఫలితంతో ర్యాండమ్ ఇన్‌పుట్‌ల మీద పోల్చడం. నకిలీ డివైజ్‌లలో ఒకదానికి పాత వెర్షన్ యాప్ పెట్టండి, తనకి అర్థం కాని మార్పు వస్తే దాన్ని పారేయకుండా దాచి ముందుకి పంపుతుందో లేదో చూడండి, లోకల్-ఫస్ట్‌లో అందరూ ఒకే రోజు అప్‌డేట్ చేయరు.

పూర్తి ప్రూఫ్ ఎవరికి కావాలి? మీరే కొత్త మెర్జ్ ఆల్గరిథమ్ కనిపెడుతుంటే కావాలి. కలిసి ఎడిట్ చేసే టెక్స్ట్ కోసం ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ 1989లో వచ్చింది, తర్వాత చేత్తో ప్రూఫ్ రాసి అచ్చేసిన ఆల్గరిథమ్‌లలో కొన్నిటిని థియరమ్ ప్రూవర్‌లు (ప్రూఫ్‌ని సరిచూసే ప్రోగ్రామ్‌లు) తప్పని తేల్చాయి. ఆ దెబ్బలు చూసే 2017లో కేంబ్రిడ్జ్ బృందం నెట్‌వర్క్ మోడల్‌తో సహా మూడు సీఆర్‌డీటీలని ఇసబెల్‌లో ప్రూవ్ చేసింది. ఉన్న లైబ్రరీ వాడుకునేవాళ్ళు అంత దూరం వెళ్ళక్కర్లేదు, ఐతే లైబ్రరీ ఇచ్చేది కన్వర్జెన్స్ వరకే, మీ ఫోల్డర్ నియమాలు దానికి తెలీవు.

మెట్టు 10: సొరుగులో టాబ్లెట్

టూంబ్‌స్టోన్‌లు పెరుగుతూ పోతాయి, ఎప్పుడో ఒకప్పుడు ఊడ్చాలి. ఎప్పుడు ఊడ్చొచ్చు? ఆ డిలీట్ అన్ని డివైజ్‌లకీ చేరిందని తెలిసినప్పుడు మాత్రమే. "30 రోజుల తర్వాత తీసేయ్" అని టైమర్ పెట్టేవాళ్ళు ఉన్నారు, మోడల్‌లో "ఊడ్చు" అని ఒక అడుగు చేర్చి కండిషన్ ఏమీ పెట్టకుండా రన్ చేయండి, మెట్టు 5లోని దారే ఒక అడుగు ఎక్కువతో వచ్చేస్తుంది: చేర్చు, సింక్, తీసేయ్, ఊడ్చు, సింక్, నోట్ లేచి కూర్చుంది. టైమర్ మూడు నెలలైనా, ఏడాదైనా మోడల్‌కి ఒకటే.

అందరికీ చేరేదాకా ఆగుదాం అంటే, పోగొట్టుకున్న ఫోన్ ఒకటి చాలు, ఇక ఎప్పటికీ ఊడ్చలేం. నేను చివరికి పెట్టిన నియమం ఇది. చాలాకాలం కనపడని డివైజ్‌ని యూజర్ లిస్టులోంచి తీసేయొచ్చు, మిగతావాళ్ళ మధ్య డిలీట్ చేరితే ఊడ్చేయొచ్చు. తీసేసిన డివైజ్ తిరిగొస్తే పాత ఐడీతో సింక్ కుదరదు, కొత్త ఐడీతో ఖాళీగా చేరి అందరి దగ్గర్నుంచి డేటా తెచ్చుకుంటుంది, దాని దగ్గర ఇంకా ఎవరికీ పంపని మార్పులు ఉంటే వాటిని తనంతట తను కలపదు, "ఇవి మీరు ఆఫ్‌లైన్‌లో రాసినవి, ఉంచమంటారా" అని వేరే లిస్టులో చూపిస్తుంది. ఈ నియమంతో మూడు డివైజ్‌లు, రెండు నోట్లు, ఊడ్చే అడుగు, బ్యాకప్ అడుగు అన్నీ పెట్టి చెకర్‌ని రాత్రంతా వదిలేశాను, పొద్దున్నకి ఒక ఎర్రర్ ఉంది: డివైజ్‌ని తీసేసిన సంగతి ఇంకా తెలియని మూడో డివైజ్ పాత ఐడీతో దాన్ని మళ్ళీ లోపలికి రానిచ్చింది. "అందరికీ చేరాకే ఊడ్చు" అనే కండిషన్‌లో డిలీట్‌తో పాటు ఆ తీసివేత కూడా అందరికీ చేరి ఉండాలని చేర్చాక గానీ పాస్ కాలేదు.